సిద్ధంగా ఉండటం అనే పని

బండి చెడిపోవాలంటే తిరగనక్కర్లేదు. ఊరికే నిలబెట్టినా చెడిపోతుంది, ఒక్కోసారి తిరిగే బండి కన్నా తొందరగా చెడిపోతుంది. టైర్ల రబ్బరు ఎండి పగుళ్ళిస్తుంది. డీజిల్ ట్యాంకు అడుగున నీళ్ళు దిగుతాయి. బ్రేకు సిలిండర్లో పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఆయిల్ సీళ్ళు ఆరిపోయి, మళ్ళీ బండి కదిలిన రోజునే కారడం మొదలెడతాయి. లారీలతో బతికినవాళ్ళకి ఇవన్నీ తెలిసినవే. అయితే ఆయుష్షులో ఎక్కువ భాగం నిలబడి ఉండటానికే పుట్టిన బండ్లు కొన్ని ఉన్నాయి. అవి సైన్యం సరుకు లారీలు. ఆవరణలో వరసగా నిలబడి ఉంటాయి. ఏ అర్ధరాత్రి పిలిచినా కదలాలి. ఆ పిలుపు ఏళ్ళ తరబడి రాకపోవచ్చు. అలాంటి లారీ ఒకటి కొనుక్కుని దాని బాగోగులు చూసుకుంటూ ఉండగా, సిద్ధంగా ఉండటమంటే ఏమిటో నాకు కొత్తగా అర్థమవుతూ వచ్చింది. అదీ చేతులతో చెయ్యాల్సిన ఒక పనేనని, ఆ పనిని ఒకరినించి ఒకరికి అందించే పద్ధతి ఉందని ఈ లారీ వల్లే తెలిసింది.

నాది అమెరికా సైన్యం వాడి అమ్మేసిన ఎం35ఏ2. రెండున్నర టన్నుల తరగతి బండి. దారీ తెన్నూ లేని చోట మోయగలిగిన బరువును బట్టి ఆ తరగతి పెట్టారు. మంచి రోడ్డు మీద దానికి రెట్టింపు, అంటే 10,000 పౌండ్లు మోస్తుంది. ఖాళీ బండే సుమారు 13,000 పౌండ్లు తూగుతుంది. మూడు ఇరుసులు, పది చక్రాలు; అవసరమైతే పదింటికీ ఇంజిన్ బలం అందుతుంది. తాళంచెవి లేదు. డ్యాష్‌బోర్డు మీద మీట తిప్పి బటన్ నొక్కితే స్టార్టవుతుంది, ఆపాలంటే ఒక కేబుల్ పిడిని బయటికి లాగాలి. యుద్ధంలో తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతికే తీరిక ఎవరికుంటుంది? గంటకి 56 మైళ్ళు మించొద్దని ఎదురుగా రేకు పలక మీద అచ్చుగుద్ది ఉంటుంది. ఏ గేరులో ఎంత వేగం, ఏ మీట ఎటు వెయ్యాలి అన్నవి కూడా అలాగే పలకల మీద ఉంటాయి. ఈ బండిని ఎన్నడూ చూడని మనిషి ఎక్కి కూర్చున్నా నడపగలగాలని ఎవరో ముందే ఆలోచించారు.

దీని మొదటి రూపం మిషిగన్‌లోని రియో కంపెనీది. 1950ల మొదట్లో సైన్యంలో చేరింది. తర్వాత కైజర్ జీప్, ఏఎం జనరల్ వంటి కంపెనీలు దశాబ్దాల పాటు తయారుచేశాయి. దీనికి ముందుతరం జీఎంసీ లారీలే 1944 ఆగస్టు 25 నించి నవంబరు 16 వరకు ఫ్రాన్సులో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో రాత్రింబవళ్ళు పెట్రోలు, మందుగుండు, తిండి మోసిన బండ్లలో ముఖ్యమైనవి. ఆ డ్రైవర్లలో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులు. యుద్ధం గురించి రాసిన పుస్తకాల్లో ట్యాంకులకి దొరికినంత చోటు లారీలకి దొరకదు. ట్యాంకు తాగే పెట్రోలు మాత్రం లారీ తొట్టిలోనే వెళ్ళింది.

ఎం35ఏ2 ఇంజిన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. కాంటినెంటల్ కంపెనీ రూపొందించిన ఆరు సిలిండర్ల ఇంజిన్ అది, 478 క్యూబిక్ అంగుళాలు. డీజిల్ దొరక్కపోతే కిరోసిన్ పోసినా నడుస్తుంది, జెట్ విమానాల ఇంధనం పోసినా నడుస్తుంది, గత్యంతరం లేకపోతే పెట్రోలుతోనూ నడుస్తుంది. దాని వెనకున్న దహన పద్ధతి జర్మనీలోని మాన్ కంపెనీది. పిస్టన్ తలలో గుండ్రటి గుంట ఉంటుంది. ఇంధనంలో ఎక్కువ భాగాన్ని గాల్లోకి చిమ్మకుండా ఆ గుంట గోడ మీద పల్చగా పరుస్తారు. గోడ వేడికి అది ఆవిరవుతూ క్రమంగా మండుతుంది కాబట్టి ఏ ఇంధనమన్న పట్టింపు తగ్గుతుంది. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ని 1897లో నడిపి చూపించింది ఈ కంపెనీకి మూలమైన ఆగ్స్‌బర్గ్ కార్ఖానాలోనే. మన సైన్యం శక్తిమాన్ లారీలు కూడా మాన్ లైసెన్సుతోనే, కృష్ణ మీనన్ రక్షణమంత్రిగా ఉన్నప్పుడు, 1959లో జబల్‌పూర్‌లో మొదలయ్యాయి. సైన్యం వదిలేసిన ఆ శక్తిమాన్లు మణిపూర్ కొండదారుల్లో ఏళ్ళ తరబడి కలప, ఇసుక మోశాయి. టెక్సాస్‌లో నా బండి బానెట్ ఎత్తినప్పుడల్లా ఈ చుట్టరికం గుర్తొచ్చి నాకు సంతోషంగా ఉంటుంది.

ఎందుకు కొన్నావని అడిగేవాళ్ళకి నేను చెప్పేది హార్వీ తుఫాను సంగతి. మేముండేది హ్యూస్టన్‌కి పడమర, కేటీ పక్కన. 2017 ఆగస్టు 25 రాత్రి తుఫాను తీరం దాటింది, వాన మాత్రం రోజుల తరబడి వదల్లేదు. బార్కర్ జలాశయం కట్ట లోపలివైపు కట్టిన కాలనీల్లోకి నీళ్ళు వెనక్కి ఎక్కాయి. మా వీధిలో మోకాళ్ళు దాటాయి. కార్ల సంగతి సరే, పికప్పులు కూడా మూల మలుపు దగ్గరే ఆగిపోయాయి. అప్పుడు వచ్చింది, ఆలివ్ పచ్చ రంగు పోయి బూడిద తేలిన ఒక సైన్యం లారీ. ఎం35కి ప్రత్యేకమైన అమరికలేవీ లేకుండానే 30 అంగుళాల నీళ్ళలో నడిచే శక్తి ఉంది. తొట్టి నేలకి నాలుగడుగుల పైనే. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అమ్మ ఎలా ఎక్కుతుందా అని నేను చూస్తుంటే, డ్రైవరు నిచ్చెన దించి, తొందరేం లేదన్నట్టు చెయ్యి అందించాడు. ప్రభుత్వం మనిషా అని అమ్మ నన్నడిగింది. కాదు, అతని సొంత బండి. పొద్దుటినించీ ఎవరూ పిలవకుండానే వీధివీధీ తిరుగుతున్నాడు.

అమ్మకి ఆ మనిషి మంచితనం గుర్తుండిపోయింది. నాకు దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా మిగిలింది. అంత పాత బండి సరిగ్గా ఆ రోజున ఎలా స్టార్టయింది? దాని బ్రేకులు నీళ్ళలో తడిసి కూడా ఎలా పట్టాయి? వరదతో సంబంధం లేని ఎన్నో మామూలు ఆదివారాల్లో అతను దాని కింద పడుకుని ఏదో బిగించి ఉంటాడు, ఏదో తుడిచి ఉంటాడు. ఆ రోజు మేం అందుకున్నది ఆ ఆదివారాల ఫలితం.

ఎంచుకోవడం దగ్గరికి వస్తే, సైన్యం వదిలించుకునే లారీలు ఇక్కడ వేలంలో దొరుకుతాయి. రక్షణశాఖ తరఫున వేలం సంస్థలు అమ్ముతాయి. ఎస్ఎఫ్-97 అనే కాగితం చేతికొస్తేనే బండిని మన పేర రిజిస్టరు చేయించుకోవడం సులువు, కాబట్టి కాగితం లేని బండి జోలికి పోకూడదు. ఇక రకాలు. ఐదు టన్నుల ఎం923లో 14 లీటర్ల కమిన్స్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, పూర్తి ఎయిర్ బ్రేకులు ఉంటాయి. హైవే మీద బరువులు లాగాల్సినవాళ్ళకి అదే సరైనది. 1990లలో వచ్చిన ఎం35ఏ3 నడపడానికి సుఖం, క్యాటర్‌పిల్లర్ ఇంజిన్‌తో ఆటోమేటిక్. వీటన్నిటి తర్వాతి తరం బండ్లు మా ఇంటికి పడమరగా, అదే ఐ-10 హైవే మీదున్న సీలీ ఊళ్ళోనే తయారయ్యేవి, ఆస్ట్రియా స్టెయిర్ కంపెనీ నమూనా మీద. వాటిలో ఎలక్ట్రానిక్సు ఎక్కువ. నేను ఏ2కే మొగ్గాను. కంప్యూటర్ లేని ఇంజిన్, విడిభాగాలు ఇంకా విరివిగా దొరకడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఎక్కడ ఏం చెడిందో కంటితో చూసి, చెవితో విని, చేత్తో తడిమి తెలుసుకోగలగడం. వరద రోజున కరెంటు ఉండదు, వర్క్‌షాపు తెరిచి ఉండదు. ఆ రోజుకి ఇలాంటి బండే కావాలి.

చూడటానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో మా బాబాయ్ నా వెంట ఉన్నాడు. విజయవాడ ఆటోనగర్లో జీవితమంతా లారీలు విప్పి కట్టినవాడు. నేను రంగు ఎలా ఉందో చెప్పబోతే ఆపాడు. “రంగు సంగతి వదిలెయ్యరా. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాంగానీ గంటలు చూస్తామా? చక్రం వెనక వేలు పెట్టి చూడు, తడి తగిలిందా?” తగిలితే అది గేరాయిలా, బ్రేకాయిలా అని అడిగాడు. వాసన చూసి చెప్పమన్నాడు. హౌసింగ్ ప్లగ్గు విప్పించి, నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపల నీళ్ళున్నట్టేనన్నాడు. తర్వాత అసలు మాట: “అతను నువ్వొచ్చేసరికే స్టార్టు చేసి పెట్టుంటే ఇవాళ కొనకు. చల్లారాక మళ్ళీ వెళ్ళు. చల్లటి ఇంజిన్ ఎలా లేస్తుందో చూడకుండా డబ్బు తియ్యకు.” అమెరికా సైన్యం లారీని ఆయన ముందెప్పుడూ ముట్టుకోలేదు. జాయింటు క్రాసులు, కమాను కట్టలు, హబ్బు బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు అంటూ ఆయన అడిగిన ప్రతిదీ, ఆయన చెప్పిన చోటే ఉంది.

మీటరు మీద మైళ్ళు తక్కువుంటే మురిసిపోకూడదు. సైన్యం బండ్లలో అది మామూలే, నిలబడ్డ ఏళ్ళు మీటరులో పడవు. ఆ ఏళ్ళని వేరేచోట చదువుకోవాలి. టైరు పక్క గోడ మీద తయారైన వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. పళ్ళు నిండుగా కనబడే టైరుకి పాతికేళ్ళుండొచ్చు. ముందు ఇరుసు చివరల పిడికిలి లాంటి కీలు మీద రబ్బరు తొడుగులుంటాయి. అవి చిరిగితే నీరూ మట్టీ లోపలికి పోతాయి. బ్యాటరీ పెట్టె అడుగుని తుప్పు తినేసిందా చూడాలి. ఈ బండ్లది 24 వోల్టుల పద్ధతి, రెండు బ్యాటరీలు వరసలో కలిపి ఉంటాయి. ఒకటే బలహీనపడినా రెండూ మార్చడం మంచిది. డ్యాష్‌బోర్డు దగ్గర సైన్యం డిపోలో తిరిగి కట్టినట్టు పలక ఉంటే సంతోషించవచ్చుగానీ, ఆ పలక మీది సంవత్సరం తర్వాత ఎన్నేళ్ళు నిలబడిందో లెక్క వేసుకోవాలి.

బ్రేకుల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఎం35ఏ2లో కాలు తొక్కితే కదిలేది నూనె, దానికి బలమిచ్చేది గాలి. గాలి పోతే పెడలు బరువెక్కుతుంది, అయినా బండి ఆగుతుంది. నూనె పోతే ఆగదు. మూడు ఇరుసులకీ కలిపి ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే నూనె దారి. ఏ మూలనో ఒక వీల్ సిలిండర్ రబ్బరు పగిలినా, ఒక గొట్టం తుప్పుకి చిల్లిపడినా పెడలు నేలకంటుతుంది. హ్యాండు బ్రేకు ఉందిగా అనుకోవడానికి లేదు. అది చక్రాల మీద ఉండదు, మధ్యనున్న షాఫ్టుని పట్టుకుంటుంది. నిలిపిన బండిని నిలిపి ఉంచడం దాని పని. దిగువకి జారుతున్న ఆరు టన్నుల్ని ఆపడం దాని వల్ల కాదు. పూర్తి ఎయిర్ బ్రేకులున్న ఐదు టన్నుల బండిలో గాలి పోతే స్ప్రింగులే బ్రేకు వేసేస్తాయి. అందుకే కొత్తగా కొనేవాళ్ళు బ్రేకుల విషయంలో ఈ రెండు రకాల మధ్య తేడా గట్టిగా తెలుసుకుని మరీ ఎంచుకోవాలి. నేను బండి తెచ్చాక మొదట చేసిన పని ఆరు డ్రమ్ములూ విప్పడం. వీల్ సిలిండర్లన్నీ కొత్తవి వేసి, రబ్బరు గొట్టాలన్నీ మార్చి, నూనె దారిని రెండుగా విడదీసే మాస్టర్ సిలిండర్ పెట్టించాను. ఇంజిన్ జోలికి ఆ తర్వాతే వెళ్ళాను.

ఆ నూనె దగ్గర ఒక విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. మామూలు బ్రేకాయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి అది పెద్ద ఇబ్బంది కాదు, వాడకంలోనే మార్చేస్తాం. నిలబడే బండికి మాత్రం ఆ తేమే లోపల తుప్పవుతుంది. 1980ల మొదట్లో అమెరికా సైన్యం తన బండ్లన్నిటికీ తేమ పీల్చని సిలికాన్ బ్రేకాయిల్‌కి మారింది. ఖరీదు ఎక్కువ, రెండు రకాలూ కలపకూడదు కాబట్టి మార్పిడి శ్రమ కూడా ఎక్కువే. అయినా చేశారు. పరిగెత్తే బండి కోసం ఇంజినీర్లు చేసిన పనుల గురించి అందరూ చెప్పుకుంటారు. ఆగి ఉండే బండిని దృష్టిలో పెట్టుకుని ఇంత పెద్ద సైన్యం తన బ్రేకాయిల్‌నే మార్చుకోవడం నాకు గొప్పగా అనిపించింది.

ఇక పుస్తకం. టీఎం 9-2320-361-10 అన్నది డ్రైవరు పుస్తకం, అదే వరసలో చివర 20 అంకె ఉన్నది మెకానిక్కుల పుస్తకం. నేను చదివిన మంచి పుస్తకాల్లో వీటినీ లెక్కేసుకుంటాను. నడిపే ముందు చూడాల్సినవి, నడుపుతూ గమనించాల్సినవి, ఆపాక చెయ్యాల్సినవి, వారానికోసారి, నెలకోసారి అని పట్టికలు ఉంటాయి. పట్టిక చివరి గడిలో, ఫలానాది ఇలా ఉంటే బండి సిద్ధంగా లేనట్టే అని రాసి ఉంటుంది. అనుమానానికి తావులేదు. కారడాన్ని కూడా మూడు తరగతులు చేశారు: తడి కనబడినా బొట్టు కట్టకపోతే మొదటి తరగతి, బొట్టు కట్టినా రాలి పడకపోతే రెండు, రాలితే మూడు. మొదటి రెండిటితో కొన్నిచోట్ల ఓపిక పట్టవచ్చు, మూడోదాన్ని పై మెకానిక్కుకి చెప్పి తీరాలి. ‘కొంచెం కారుతోంది’ అనే మాటలో ఎవరికి తోచినంత కొంచెం వారికుంటుంది. ఈ కొలత ఉంటే వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు ఒకే సంగతి మాట్లాడుకోగలరు.

ఈ పనిని కుర్రాళ్ళ చేత ఇష్టంగా చేయించడానికి సైన్యం బొమ్మల పత్రిక కూడా నడిపింది. దాని పేరు పీఎస్. 1951లో మొదలైంది. ‘ది స్పిరిట్’ కామిక్స్ సృష్టికర్త విల్ ఐస్నర్ 1971 వరకు దానికి బొమ్మలు తీర్చిదిద్దాడు. అంత పేరున్న చిత్రకారుడు ఇరవై ఏళ్ళ పాటు గ్రీజు ఎక్కడ కొట్టాలో, ఫిల్టరు ఎలా మార్చాలో బొమ్మలు గీశాడంటే, చూసే కుర్రాడి మీద అతనికెంత గౌరవమో తెలుస్తుంది. ఇంటికి దూరంగా, అర్ధాకలితో, చలిలో ఉన్న పందొమ్మిదేళ్ళ మనిషికి కూడా అర్థం కావాలి, విసుగు రాకూడదు. లారీని తయారుచేసిన తీరులోనూ నాకు అదే గౌరవం కనిపిస్తుంది. ఆయిల్ ఫిల్టర్లు చెయ్యి పట్టే చోట ఉన్నాయి. పనిముట్లు తక్కువలో తక్కువ. ఎడమ పక్క చక్రాల నట్లు మాత్రం ఎదురు మరవి, తెలియనివాడు మామూలు నట్టు విప్పినట్టే బలం కొద్దీ తిప్పితే బోల్టు విరిగిపోతుంది. పుస్తకం ఆ సంగతి ముందే చెబుతుంది.

మా ఆటోనగర్లో ఈ పుస్తకాలు లేవు. అక్కడ పుస్తకం మేస్త్రీయే. కుర్రాడు పదేళ్ళు పానాలు అందించి, డీజిల్లో సామాను కడిగి, చెవులు పండించుకుని నేర్చుకుంటాడు. చదివి నేర్చుకునేది తొందరగా వ్యాపిస్తుంది, చూసి నేర్చుకునేది లోతుగా దిగుతుంది. బేరింగు చప్పుడుకీ టర్బో ఈలకీ తేడా ఏ పట్టికలోనూ రాయలేరు. బాబాయ్ ఫోన్‌లో విని చెప్పేస్తాడు. కానీ బాబాయ్ తర్వాత ఆ చెవి ఎవరికుంటుంది? మా వైపు మేస్త్రీలకి తెలిసింది రాసిపెట్టే పని ఎవరూ తలకెత్తుకోలేదన్న బాధ నాకుంది. అందుకే ఆయన చెప్పినవన్నీ తెలుగులోనే ఒక నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను, ఏ చప్పుడు వస్తే ఆయన ఏమన్నాడో సహా.

ఇప్పుడు లారీకి నేను చేసేది పెద్ద రహస్యమేం కాదు. నెలకోసారైనా దాన్ని బయటికి తీస్తాను. ఊరికే స్టార్టు చేసి పది నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే మేలు కన్నా కీడు ఎక్కువ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే పుట్టిన తేమ ఆయిల్లోనే మిగిలిపోతుంది, గేరుబాక్సూ ఇరుసులూ చల్లగానే ఉంటాయి, బ్రేకులు పనే చెయ్యవు. తొట్టిలో కంకరో కట్టెలో వేసుకుని గంటసేపు తిప్పుతాను, ఎత్తుపల్లాల్లో తిప్పుతాను. వచ్చాక చేత్తో ప్రతి హబ్బునీ తాకుతాను. ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టో, బేరింగు అరిగినట్టో. గాలి ట్యాంకుల అడుగున కుళాయిలు తిప్పి చేరిన నీళ్ళు వదిలేస్తాను. డీజిల్ ఫిల్టర్ల అడుగు నీళ్ళూ అంతే. గ్రీజు కొట్టేటప్పుడు పాతది బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొడతాను. టైర్లలో గాలి చూస్తాను, కానీ రిమ్ములు విప్పే పని సొంతంగా పెట్టుకోను. ఈ చక్రాల రిమ్ముకి విడిగా లాక్ రింగు ఉంటుంది, అది సరిగ్గా కూర్చోకముందే గాలి కొడితే మనిషి ప్రాణం తీస్తుంది. ఇనప పంజరంలో పెట్టి గాలి కొట్టే షాపుకే తీసుకెళ్తాను.

దసరాకి మా కాలనీ తెలుగువాళ్ళు పూజకి కార్లు తీసుకొస్తారు, నేను లారీ తెస్తాను. పిల్లలు తొట్టిలోకెక్కి దిగనంటారు. పది చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలంటే ఒక బుట్ట కావాలి. ఆ పూజలో నాకు నచ్చేది, పనిముట్టుని ఒకరోజు ఆపి, కడిగి, దాని దగ్గర కాసేపు నిలబడటం. కడుగుతున్నప్పుడే ఎప్పుడూ కంటబడని పగుళ్ళు కనబడతాయి.

హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా ఉంటుంది. ఈసారి అది రాకముందే వెనక ఇరుసుల సీళ్ళు మార్చాలి, ఎడమ పక్కది రెండో తరగతిలోకి వచ్చింది. ఇంకో పని కూడా అనుకున్నాను. మా వీధిలో ఇద్దరు ఆసక్తిగా ఉన్నారు, ఒకామె నర్సు, ఇంకొకతను కాలేజీ కుర్రాడు. ఇద్దరికీ ఈ లారీ నడపడం నేర్పిస్తున్నాను, నడిపే ముందు ఏమేం చూడాలో కూడా. నర్సమ్మ ఇప్పటికే క్లచ్చు మీద పట్టు సాధించింది. కుర్రాడికి గేర్లు మార్చేటప్పుడు ఇంకా తొందరెక్కువ. నీళ్ళొచ్చిన రోజున నేను ఊళ్ళో ఉంటానో లేదో.